రాత్రి పూట వేవ్ మేకర్ కట్టేయమని రాస్తే ఎలాగండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ ఆదివారం అనుబంధంలో ఇంట్లో పెట్టుకునే చిన్న రీఫ్ ట్యాంకుల మీద, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ల అక్వేరియంల మీద, పేజీ నిండా వ్యాసం వేశారు కదా, చూడగానే భలే సంతోషం వేసింది, ఎందుకంటే తెలుగు పేపర్లలో అక్వేరియం అంటే గోల్డ్ ఫిష్, లేకపోతే వాస్తు, ఏ మూల పెడితే డబ్బులు నిలుస్తాయి, ఇంతకు మించి ఎవరూ రాయరు. లైట్ల గురించి మీ వాళ్లు బానే రాశారు, ఉప్పు కలిపే పద్ధతి కూడా తప్పు లేకుండా రాశారు. కానీ నీళ్ల కదలిక గురించి అంత పేజీలోనూ రెండంటే రెండే ముక్కలు, ఆ రెండూ తప్పే. మొదటిది, ట్యాంక్ చిన్నదైతే ఫిల్టర్ నుంచి పడే ధార సరిపోతుంది అన్నారు. రెండోది, రాత్రి పూట నీళ్లు కదిపే మోటార్లన్నీ, వేవ్ మేకర్లంటారు, కట్టేస్తే చేపలు హాయిగా పడుకుంటాయి, కరెంటు కూడా కలిసొస్తుంది అన్నారు. మొదటి దాని వల్ల పగడాలు నెమ్మదిగా పోతాయి, రెండో దాని వల్ల ఒక్క రాత్రిలోనే పోవచ్చు, తేడా అంతే. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నా, జాగా లేకపోతే కత్తిరించుకోండి గానీ ఆ రాత్రి సంగతి మాత్రం కత్తిరించకండి.

ముందు అదే చెప్పేస్తా. పగలు లైటు వెలుగుతున్నంత సేపూ పగడాల ఒంట్లో కాపురం ఉండే సూక్ష్మమైన నాచు, జూజాంథెల్లే అంటారు, అది కిరణజన్య సంయోగక్రియ చేసి ఆక్సిజన్ వదుల్తూ ఉంటుంది. లైటు ఆరిందంటే ఆ తయారీ బంద్. పీల్చుకోవడం మాత్రం బంద్ అవదు కదా, చేపలు, పగడాలు, నత్తలు, ఇసుకలో ఉండే పురుగులు, లైవ్ రాక్ అనే సముద్రపు రాళ్ల సందుల్లో లెక్కలేనంత బ్యాక్టీరియా, అన్నీ తెల్లవార్లూ పీలుస్తూనే ఉంటాయి, ఆ నాచుతో సహా. అంటే ట్యాంకులో ఆక్సిజన్ అన్నిటికంటే అడుగంటేది తెల్లారగట్ల, మనం లేవక ముందు. బయట గాలిలోంచి ఆక్సిజన్ నీళ్లలోకి దిగాలంటే పైనున్న నీళ్లు కిందకీ కిందున్నవి పైకీ తిరుగుతూ ఉండాలి, ఆ తిప్పే పని చేసేది మోటారే, దాన్ని సరిగ్గా ఆ టైములోనే కట్టేయమంటే ఏం చెప్పాలి.

పైగా ఉప్పునీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ పడుతుంది. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్లలో లీటరుకి 8 మిల్లీగ్రాముల పైచిలుకు కరుగుతుంది, అదే సముద్రమంత ఉప్పున్న నీళ్లయితే 7 కూడా దాటదు, మన ఎండాకాలం 30 డిగ్రీలకి వెళ్తే 6 మీద కాస్త, అంతే. అది కూడా నీళ్లు పూర్తిగా గాలితో కలిసినప్పుడు పట్టే లెక్క, రాత్రి పూట ట్యాంకులో అంత ఉండదు. మంచినీళ్ల తొట్టెలో పదేళ్ల నుంచి చేపలు పెంచుతున్నాం, రాత్రి ఫిల్టర్ ఆపినా ఏం కాలేదు అనేవాళ్లు చాలా మంది ఉంటారు, మీ వ్యాసం రాసినాయన కూడా ఆ అలవాటు మీదే రాసుంటారని నా అనుమానం. అక్కడ నడిచింది ఇక్కడ నడవదు. ఇంకోటి, రాత్రి కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ కూడా దిగుతుంది, అందులోనూ ఏసీ బెడ్‌రూములో తలుపులు కిటికీలు బిగించి నలుగురు పడుకునే గదిలో ట్యాంక్ ఉంటే గదిలో గాలే బరువెక్కిపోయి ఉంటుంది, నీళ్లు కదిలినా దిగాల్సినంత దిగుతుంది, కదలకపోతే ఇంక చెప్పక్కర్లేదు.

కరెంటు కలిసొస్తుంది అన్న ముక్క గురించి కూడా ఒక లెక్క చెప్తా. చిన్న ట్యాంక్ వేవ్ మేకర్ 10 వాట్లు అనుకుందాం, 24 గంటలూ తిరిగినా నెలకి 7 యూనిట్లు. రాత్రి పది గంటలు కట్టేస్తే కలిసొచ్చేది 3 యూనిట్లు. దీనికోసమా? చేపల నిద్రకి కూడా ఏ లోటూ ఉండదు, క్లౌన్ ఫిష్ ఏదో ఒక మూల తోక ఆడించుకుంటూ పడుకుంటుంది, కొన్ని రకాల రాస్ చేపలయితే ఇసుకలో దూరిపోతాయి, మిగతావి రాళ్ల చాటు చూసుకుంటాయి. మరీ జోరు ఎక్కువనిపిస్తే కంట్రోలర్ ఉన్న మోటారయితే రాత్రికి సగానికి తగ్గించుకోండి, నీళ్ల పైభాగం మాత్రం వణుకుతూనే ఉండాలి.

ఇక మొదటి ముక్క, ఫిల్టర్ ధార చాలు అన్నది. చేపకి ఆకలేస్తే తిండి దగ్గరికి వెళ్తుంది, ఊపిరాడకపోతే పైకొస్తుంది, పగడం అతుక్కున్న చోటు నుంచి కదల్లేదు. దానికి ఆక్సిజన్ అందాలన్నా, మేత అందాలన్నా, ఒంట్లో పుట్టిన చెత్త పోవాలన్నా నీళ్లే మోసుకు రావాలి, నీళ్లే మోసుకుపోవాలి. ఎంత నీళ్లలో ఉన్నా పగడం ఒంటిని అంటుకుని ఒక సన్నటి పొర నీళ్లు కదలకుండా నిలబడి ఉంటాయి, ఆ పొర దాటే ఏదైనా లోపలికి రావాలి, బయటికి పోవాలి. మా విశాఖలో మే నెలలో గాలాడని మధ్యాహ్నం ఒంటి మీద చెమట ఆరకుండా అలాగే ఉండిపోద్ది చూడండి, అచ్చం అలాంటి పరిస్థితి అది, కాస్త గాలి తగిలితే గానీ ప్రాణం లేచి రాదు. ఫ్లో, అంటే నీళ్ల కదలిక, ఉంటే ఆ పొర పలచబడుతుంది. పగటి పూట ఆక్సిజన్ ఎక్కువైనా కూడా పగడానికి ఇబ్బందే, నాచు తయారు చేసిన ఆక్సిజన్ ఒంటి దగ్గరే పేరుకుపోతే ఆ కిరణజన్య సంయోగక్రియే కుంటుపడుతుంది. అంటే వేలకి వేలు పోసి మంచి లైటు కొని ఫ్లో లేకుండా పెడితే ఆ లైటు డబ్బులు సగం నీళ్లలో పోసినట్టే.

దీనికి సాక్ష్యం కావాలంటే జీనియా జాతి పగడాల్ని చూడండి, చిన్న చేతుల్లాంటి పాలిప్స్ రోజంతా గుప్పెట మూస్తూ తెరుస్తూ ఉంటాయి. అవి ఎందుకలా చేస్తున్నాయో చాలా కాలం సరిగ్గా తెలియదు. ఎర్రసముద్రంలో ఉండే ఈ జాతి పగడం మీద ఇజ్రాయెల్ పరిశోధకులు పని చేసి 2013లో ఫలితాలు ప్రచురించారు, ఆ మూయడం తెరవడం వల్ల చుట్టూ నీళ్లు కలిసిపోయి పేరుకున్న ఆక్సిజన్ కొట్టుకుపోతుంది, కిరణజన్య సంయోగక్రియ ఎన్నో రెట్లు బాగా జరుగుతుంది అని తేలింది. రాయికి అతుక్కుని బతికే జీవి తన ఒంట్లో శక్తి ఖర్చు పెట్టి నీళ్లు కదుపుకుంటోందంటే ఫ్లో దానికి ఎంత అవసరమో వేరే చెప్పాలా. మిగతా పగడాల్లో చాలా వాటికి అలా గుప్పెట మూసి తెరవడం రాదు, వాటి తరఫున మనమే కదపాలి.

ఎంత కదపాలి? ఇక్కడే అందరూ లెక్కల్లో పడిపోతారు. రెండడుగుల పొడుగు, అడుగుంపావు వెడల్పు, అడుగుంపావు ఎత్తు ట్యాంక్ తీసుకోండి, నిండా పోస్తే 88 లీటర్లు వస్తాయి, పైన ఖాళీ వదిలి రాళ్లూ ఇసకా తీసేస్తే నిఖరంగా నీళ్లు 70 లీటర్లు. మష్రూములు, జోవాలు (జోవాంథిడ్లు), లెదర్ లాంటి మెత్తటి పగడాలకి, అంటే సాఫ్ట్ కోరల్స్‌కి గంటకి ట్యాంక్ నీళ్లన్నీ ఓ పదిహేను ఇరవై సార్లు తిరగాలని హాబీలో ఒక వాడుక లెక్క ఉంది, అంటే 1000 నుంచి 1400 లీటర్లు. గట్టి పగడాల్లో అక్రోపోరా లాంటి వాటికయితే నలభై సార్లు, ఆపైన కూడా చెప్తారు. అద్దానికి తగిలించే చిన్న హ్యాంగాన్ ఫిల్టర్ ఇచ్చేది గంటకి 400 లీటర్లు అనుకున్నా ఆరు సార్లు కూడా తిరగదు, అది కూడా ధార పడిన మూల మాత్రమే కదులుతుంది, అవతలి మూల నిద్రపోతూ ఉంటుంది. సంప్, అంటే కింద పెట్టే ఫిల్టర్ తొట్టె, ఉన్నా అంతే, నీళ్లు పైకి పంపే రిటర్న్ పంపు మీద 1000 అని రాసి ఉంటుంది కానీ కింద నుంచి నాలుగడుగులు ఎత్తి, రెండు ఎల్బోలు తిరిగి పైకొచ్చేసరికి ఎంత మిగుల్తుందో ఒక బకెట్ పెట్టి గడియారం చూసి పట్టుకోండి, ఆ పెట్టె మీద అంకెని మళ్లీ నమ్మరు.

సరే అని షాపుకెళ్తే వాళ్లు పెద్ద మోటారే అంటగడతారు, ఇది 5000 సార్, 6000 సార్, ఫ్యూచర్‌లో పెద్ద ట్యాంక్ పెట్టినా పనికొస్తుంది సార్ అంటారు. రెండడుగుల ట్యాంకుకి అది అక్కర్లేదు. ఎదురుగా ఉన్న పగడం మీద ఆ జోరు నేరుగా కొడితే పాలిప్స్ తెరుచుకోవు, కొన్నాళ్లకి ఆ వైపు కండ ఊడిపోతుంది, ఇసుక లేచి ట్యాంక్ అంతా మబ్బు పడుతుంది, అద్దం అడుగు బోడిగా కనపడుతుంది. లీటర్ల అంకె కంటే ముఖ్యమైంది ఆ నీళ్లు ఎంత వెడల్పుగా, ఎంత చీలిపోయి వస్తున్నాయి అనేది. సన్నటి మూతి పంపు నుంచి 800 లీటర్లు వచ్చినా అది కత్తిలా తగులుతుంది, ఫ్యాన్ లాంటి రెక్క ఉన్న వేవ్ మేకర్ నుంచి 1500 వచ్చినా మెత్తగా పరుచుకుంటుంది. అందుకే చిన్న ట్యాంకుకి నా ఓటు రెండు చిన్న రెక్క మోటార్లకి, ఒక పెద్దదానికి కాదు. ఒకటి చెడిపోయినా రెండోది ప్రాణం నిలబెడుతుంది, అదొక లాభం.

ఎటు తిప్పి పెట్టాలో తెలియాలంటే నేను ఏ వీడియో చూడమని చెప్పను, విశాఖలో ఉన్నవాళ్లు ఆటు టైములో తెన్నేటి పార్కు దిగువ రాళ్ల దగ్గరికి వెళ్లి ఒక గుంట పక్కన కూర్చోండి చాలు. అల వచ్చినప్పుడు గుంటలో నాచు అంతా ఒడ్డు వైపు వాలుతుంది, ఒక్క క్షణం ఎటూ కాకుండా నిలబడుతుంది, నీళ్లు వెనక్కి లాగినప్పుడు సముద్రం వైపు వాలుతుంది, ఈ లోపు పక్క సందులోంచి ఇంకో పాయ వచ్చి సుడి తిరిగి పోతుంది. ఒకే దిక్కు నుంచి ఒకే జోరుతో గంటల తరబడి కొట్టే నీళ్లు అక్కడ ఎక్కడా కనపడవు. రాళ్లకి అంటుకుని జోవాంథిడ్లు పరుచుకుని ఉంటాయి, అల తగిలినప్పుడల్లా అవి ఊగుతాయే గానీ వంగి అలాగే ఉండిపోవు. చూసి రండి, పీక్కు రాకండి. కొన్ని రకాల్లో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది, కంట్లో పడినా, చేతికి తెగిన చోట తగిలినా ఆసుపత్రే, ఆ రాళ్లని వేడినీళ్లతో కడిగితే ఆ ఆవిరి ఇంకా ప్రమాదం.

ఆ కదలిక ఇంట్లో తేవాలంటే మోటారుని పగడాల వైపు గురి పెట్టడం మానేయాలి. నీళ్లు ముందు దేనికో ఒకదానికి తగిలి చెదిరిపోవాలి, ఎదుటి అద్దానికో, ముందు అద్దానికో, లేదా రెండు మోటార్ల ధారలు మధ్యలో ఎదురెదురు ఢీకొనాలి. పైభాగంలో మూడో వంతు లోతులో, కొంచెం పైకి చూస్తున్నట్టు పెడితే నీటి పైభాగం కూడా వణుకుతుంది, అడుగున ఇసుక లేవదు. రెండిటినీ మార్చి మార్చి నడిపే కంట్రోలర్ ఉంటే మరీ మంచిది, కొన్ని గంటలు ఎడమది జోరు, కొన్ని గంటలు కుడిది. నేరుగా ఇంటి కరెంటు మీద నడిచే చవక ఏసీ మోటార్లకి ప్లగ్ టైమర్ పెట్టి నిమిషానికోసారి ఆపి స్టార్ట్ చేసే వాళ్లున్నారు, అలా చేయకండి, చాలా వాటికి ఆ దెబ్బలకి రోటర్ అరిగిపోద్ది, స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్కోసారి రెక్క ఉల్టా కూడా తిరుగుతుంది. అడాప్టర్ మీద నడిచే డీసీ మోటార్లకి ఆగి ఆగి తోసే పల్స్ మోడ్ ఉంటుంది, రెండడుగుల ట్యాంకులో సెకనుకి కొంచెం తక్కువ తేడాతో పల్స్ పెడితే నీళ్లన్నీ ఉయ్యాలలా అటూ ఇటూ ఊగడం మొదలెడతాయి, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, చుట్టాలకి చూపించడానికి ఒక ఐదు నిమిషాలు పర్లేదు, రోజంతా అలా వదిలేస్తే సిలికాన్ అతుకుల మీద, కింద స్టాండ్ మీద పడే ఒత్తిడి మామూలుగా ఉండదు.

రాళ్లు పేర్చడం కూడా ఫ్లో పనే అని మీ వ్యాసంలో ఎక్కడా లేదు. మన వాళ్లు వెనక అద్దానికి ఆనించి గోడ కట్టినట్టు పేర్చేస్తారు, ముందు నుంచి ఫోటోకి బాగుంటుంది, వెనక మాత్రం చెత్త పేరుకుపోయి కుళ్లుతుంది. నాలుగు వేళ్లు పట్టేంత సందు వెనక వదలండి, రాళ్లని రెండు దిబ్బలుగా విడదీసి మధ్యలో దారి ఉంచండి, అడుగున కూడా నీళ్లు దూరేలా ఆర్చ్ లాగా నిలబెట్టండి. తర్వాత డెడ్ స్పాట్, అంటే నీళ్లు కదలని చోటు, ఎక్కడుందో కనుక్కోవడానికి ఖర్చేమీ లేదు. సూది తీసేసిన పెద్ద సిరంజిలోకి కరిగించిన ఆర్టీమియా (చిన్న రొయ్యల్లాంటి పురుగుల) మేత కొంచెం ట్యాంక్ నీళ్లతో కలిపి లాగి మోటారు ముందు నెమ్మదిగా వదలండి, లైటు ఆన్‌లో ఉంచి మోకాళ్ల మీద కూర్చుని ఆ ఎర్రటి నలుసులు ఎటెళ్తున్నాయో చూడండి. కొన్ని అద్దాన్ని గుద్దుకుని విడిపోతాయి, కొన్ని రాయి కింద నుంచి దూరి వెనక నుంచి పైకి లేస్తాయి, కొన్ని మాత్రం ఒక మూలకి వెళ్లి అక్కడే గింగిరాలు కొట్టి మెల్లగా ఇసుక మీద వాలిపోతాయి. ఆ వాలిపోయిన చోటే రేపు ఎర్రటి జిగురు పొర లేస్తుంది, సయనో అంటారు. మోటారుని వేలెడంత తిప్పి మళ్లీ వదిలి చూడండి, ఒక్కోసారి అంత చిన్న తేడాకే మూల శుభ్రపడిపోతుంది. అలాగని సయనో రాగానే ఫ్లో పెంచేస్తే పోద్ది అనుకోవద్దు, మేత ఎక్కువ వేసి నైట్రేట్ ఫాస్ఫేట్ గాడి తప్పిన ట్యాంకులో ఫ్లో ఒక్కటే ఏం చేయలేదు.

పగడాలు కూడా చెప్తాయి, మనం చూడాలంతే. మష్రూములకి నెమ్మది నీళ్లే ఇష్టం, జోరు తగిలితే ముడుచుకుపోతాయి, ఇంకా విసిగిస్తే రాయి వదిలేసి ఎటో తేలిపోతాయి. లెదర్ కోరల్ ఉన్నట్టుండి పాలిప్స్ అన్నీ లోపలికి లాగేసుకుని పైన మైనం పూసినట్టు మెరుస్తుంది, చచ్చిపోతోందని కొత్తవాళ్లు కంగారు పడి తీసి పారేస్తారు, అది పాత తోలు వదుల్తోంది అంతే, కొన్ని రోజులకి ఆ పొర అంచుల దగ్గర లేచి పోగులు పోగులుగా ఊడిపోతుంది, కానీ ఊడిపోవాలంటే దాని మీదుగా నీళ్లు బాగా పోవాలి, నిలవ నీళ్లలో ఉంటే ఆ పొర కిందే నాచు పట్టి నిజంగానే చెడుతుంది. అక్రోపోరా పేరు లెక్క కోసం ఎత్తాను గానీ, నేను ఇక్కడ పెంచుకోడానికి చెప్పేవన్నీ సాఫ్ట్ కోరల్సే అని గమనించుంటారు. మన దేశంలో గట్టి పగడాలన్నీ, సీ ఫ్యాన్లు కూడా, 2001 నుంచీ వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, లక్షద్వీప్‌లో తీసినా, అండమాన్‌లో తీసినా, మన్నార్ సింధుశాఖలో తీసినా నేరమే. మీ వ్యాసంలో ఫలానా పగడం అందంగా ఉంటుందని పేర్లు రాశారు గానీ ఈ మాట ఒక్క లైను కూడా రాయలేదు.

ఇప్పుడు మనకి అన్నిటికంటే పెద్ద సమస్య, కరెంటు. విదేశాల్లో వాళ్లు రాసే పుస్తకాల్లో ఇది చివర ఒక పేరా, మనకి మొదటి చాప్టర్ కావాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, అంత తుఫాను ఎప్పుడో గానీ రాదు అంటారేమో, కానీ చిన్న రీఫ్ ట్యాంక్ చెడిపోవడానికి రోజులు అక్కర్లేదు, వేసవి రాత్రి లైటు ఆరిపోయి ఉన్నప్పుడు, చేపలు ఎక్కువున్న ట్యాంకులో నాలుగైదు గంటలు నీళ్లు ఆగిపోతే చాలు. అందుకే నేను కొత్తవాళ్లెవరడిగినా లైటు కంటే ముందు బ్యాకప్ కొనమంటా. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ట్యాంక్ లైటూ హీటరూ దాని మీద వేయకుండా ఒక్క వేవ్ మేకర్ మాత్రం ఆ లైనుకి ఇవ్వండి, 10 వాట్లు దానికి లెక్కే కాదు. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టరయితే ఏసీ మోటారు గుర్రుమంటుంది, వేడెక్కుతుంది, సైన్ వేవ్ అయితే ఆ గోల లేదు. ఇన్వర్టర్ లేని ఇంట్లో డీసీ మోటారు అడాప్టర్ మీద ఏం రాసుందో చూడండి, 12 వోల్టులయితే యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీకి నేరుగా తగిలించొచ్చు, 5 వాట్ల మీద నడిపితే ఒక రాత్రి గడిచిపోద్ది, 24 వోల్టులదయితే అలాంటివి రెండు సిరీస్‌లో కావాలి. ఇదేదీ కుదరదంటే యూఎస్‌బీ ఎయిర్ పంపు ఒకటి కొని పవర్ బ్యాంకుకి తగిలించండి, అయితే కొన్ని పవర్ బ్యాంకులు అంత తక్కువ కరెంటు లాగే వస్తువుని గుర్తించక కొంతసేపటికి వాటంతటవే ఆగిపోతాయి, ముందే ఒక పగటి పూట పెట్టి చూసుకోవాలి, అర్ధరాత్రి చీకట్లో తెలుసుకోవడం కాదు. బుడగలకి మూత అంతా ఉప్పు పేరుకుంటుంది, పేరుకోనివ్వండి. ఏదీ లేని పక్షంలో ఒక చెంబుతో నీళ్లు తీసి కొంచెం ఎత్తు నుంచి అందులోనే పోస్తూ ఉండండి, మా బిల్డింగులో ఒకాయన పిల్లలకి వంతులేసి చేయించారు.

ఎండాకాలం ఇంకో చిక్కుంది. నీళ్లలో మునిగి నడిచే మోటారు తినే వాట్లన్నీ చివరికి నీళ్లలో వేడిగానే మారతాయి, చిన్న ట్యాంకులో పెద్ద మోటార్లు పెడితే ఒకటి రెండు డిగ్రీలు వాటి వల్లే పెరగొచ్చు. పగడాలకి 25 నుంచి 27 మధ్య బావుంటుంది, 30 దాటి రోజుల పాటు ఉంటే రంగు వదిలేసి తెల్లబడతాయి. నీళ్లు చల్లబరిచే చిల్లర్ కొనలేని వాళ్లు ట్యాంక్ మీదకి చిన్న ఫ్యాన్ పెడతారు, హైదరాబాద్ పొడి ఎండకి అది బాగా పని చేస్తుంది, రెండు మూడు డిగ్రీలు దింపేస్తుంది, మా విశాఖ ఉక్కపోతలో నీళ్లు అంత తొందరగా ఆవిరవ్వవు కాబట్టి అంత దిగదు. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు, అందుకని రోజూ తగ్గినంత ఆర్వో నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. దీనికీ ఫ్లోకీ ఏంటి సంబంధం అంటే, మట్టం రెండు వేళ్లు తగ్గిందంటే పైన పెట్టిన వేవ్ మేకర్ గాలి పీల్చడం మొదలెట్టి ట్యాంకంతా సన్నటి బుడగలు నింపేస్తుంది, జోరు పడిపోతుంది. అద్దం మీద మార్కర్‌తో ఒక గీత గీసుకుంటే చాలు.

మోటారు కొన్న కొత్తలో ఉన్న జోరు ఎప్పటికీ ఉండదు, అది చాలామందికి తెలియదు, పగడాలు నీరసపడుతున్నాయని లైటు మారుస్తారు, మందులు పోస్తారు. రెక్క మీద, జాలీ మీద గులాబీ రంగు సున్నం పొర కడుతుంది, దాంతో ఫ్లో తగ్గిపోతుంది. రెండు మూడు నెలలకోసారి మోటారు బయటికి తీసి, ఒక గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోసి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు రెండు చెంచాలు కలిపి అందులో ముంచి ఓ అరగంట వదిలేయండి, బుసబుసమని నురగ వస్తుంది, తర్వాత పాత టూత్ బ్రష్‌తో రోటర్ గుంట లోపల కూడా తోమి, మంచినీళ్లతో కడిగి పెట్టేయండి. తెల్ల వెనిగర్ అయినా పర్లేదు. కడిగాక జోరు మళ్లీ కొత్తదానిలా వస్తుంది కాబట్టి ఆ రోజు పగడాల వైపు కొట్టకుండా చూసుకోవాలి.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే ఎడిటర్ గారూ, వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే కనపడే సైజు అక్షరాల్లో, రీఫ్ ట్యాంకులో మోటార్లు రాత్రి కట్టేయకూడదు అని ఒక్క సవరణ వేయండి. ఎండలు ముదరకముందే వేయండి. మీ వ్యాసం చూసి ట్యాంక్ పెట్టినవాళ్లు ఎంతమందో మీకూ తెలీదు నాకూ తెలీదు, వాళ్లలో ఎవరికీ తెల్లారేసరికి చేపలన్నీ నీటి పైభాగాన నోళ్లు తెరుచుకుని కనపడే పరిస్థితి రాకూడదు.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి మీ పాఠకుడు

తా.క.: మీరు వేసిన ఫోటోలో ట్యాంక్ కిందే నేల మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు కనపడుతోంది, మోటారు వైరు ట్యాంక్ అంచు నుంచి తిన్నగా దాంట్లోకే దిగుతోంది. వైరు మీద జారే ఉప్పునీటి చుక్క నేరుగా సాకెట్‌లోకే వెళ్తుంది అలా పెడితే. బోర్డు గోడకి ఎత్తులో బిగించి, వైరుని ప్లగ్ కంటే కిందకి ఒక వంపు వేలాడేలా వదిలి అప్పుడు పైకి తీసుకెళ్లి గుచ్చాలి, ఆ లైనుకి కరెంటు లీకైతే లైను కట్టేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఉండాలి, చెయ్యి నీళ్లలో పెట్టే ముందు ప్లగ్గులు పీకాలి. సవరణతో పాటు ఆ ఫోటో కూడా మార్చండి.